వాకిట్లోకి వచ్చిన బడి – తారాబాయి మోడక్ జీవితం



ముందు పేజీల్లో పొదుపు, అప్పులు, రికవరీ, బ్యాంకు లింకేజి లెక్కలు చూశారు. ఈ పేజీల్లో ఒక మహిళ జీవితం రాస్తున్నాం. మహారాష్ట్రలో, గుజరాత్‌లో ఆమె బాగా తెలిసిన పేరు. మన వైపు ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. కానీ ఆమె మొదలుపెట్టిన పని లేని ఊరు మన మండలంలో ఒక్కటి కూడా లేదు. మన పిల్లలు పొద్దున్నే గ్లాసు, పళ్లెం పట్టుకుని వెళ్లే అంగన్వాడీ ఆమె మనసులో పుట్టిన ఆలోచనే. ఆమె తారాబాయి మోడక్ గారు.

ఈ సంవత్సరమే ఆమె గురించి ఎందుకు రాస్తున్నామంటే, మన గ్రామ సంఘాల సమావేశాల్లో ఒకే మాట పదే పదే వచ్చింది. చంటిపిల్లలు ఉన్న సభ్యులు పనికి వెళ్లలేకపోతున్నారు, అందుకే కిస్తీ ఆలస్యం అవుతోంది అని. అప్పు ఇస్తాం, గేదె కొనిస్తాం, కుట్టుమిషను ఇప్పిస్తాం, కానీ బిడ్డను ఎవరు చూస్తారు అనే దగ్గర ఆగిపోతున్నాం. తారాబాయి గారు కూడా నూరేళ్లకు దగ్గరగా ఇదే ప్రశ్న దగ్గర నిలబడి, దానికి జవాబు వెతుకుతూ జీవితం గడిపారు.

చదువు, పెళ్లి, ఒంటరి బతుకు

తారాబాయి గారు 1892 ఏప్రిల్ 19న బొంబాయిలో పుట్టారు. పుట్టింటి పేరు కేల్కర్. తండ్రి సదాశివరావు, తల్లి ఉమాబాయి. వాళ్లది ప్రార్థనా సమాజం కుటుంబం. మన వైపు వీరేశలింగం పంతులు గారు వితంతు వివాహాలకు, ఆడపిల్లల చదువుకు పాటుపడ్డట్టే, బొంబాయి వైపు ప్రార్థనా సమాజం వాళ్లు పాటుపడ్డారు. అలాంటి ఇంట్లో పుట్టింది కాబట్టి ఆమెకు చదువు దొరికింది. 1914లో బి.ఏ. పాసయ్యారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు ఐదో తరగతి చదువే గొప్ప. అప్పటికే పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లులయ్యే వయసులో ఆమె చేతికి డిగ్రీ వచ్చింది.

తర్వాత అమరావతికి చెందిన మోడక్ అనే లాయరుతో పెళ్లయింది. ఇది మన అమరావతి కాదు, మహారాష్ట్రలోని అమరావతి. ఒక కూతురు పుట్టింది. కాపురం మాత్రం నిలబడలేదు. 1921లో విడిపోయారు. విడాకులు అనే మాట నోటితో అనడానికే భయపడే కాలం అది. చదువుకున్న కుటుంబాల్లో కూడా భర్తను వదిలేసి వచ్చిన మనిషి అంటే చూసే చూపు వేరుగా ఉండేది. ఆమె పుట్టింట్లో ఓ మూల కూర్చోలేదు. చిన్న కూతుర్ని తీసుకుని రాజ్‌కోట్ వెళ్లి, ఆడవాళ్లకు టీచర్ ట్రైనింగ్ ఇచ్చే కాలేజీలో ప్రిన్సిపాల్‌గా చేరారు. సొంత సంపాదన మీద నిలబడ్డారు.

బిడ్డను పెంచుకుంటూ బయట పని చేయడం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మన సంఘాల్లో ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న అక్కలు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆమె కూడా వాళ్లలో ఒకరే అనుకోండి.

భావ్‌నగర్‌లో నేర్చుకున్నది

గుజరాత్‌లో భావ్‌నగర్ అనే ఊళ్లో గిజూభాయి బధేకా అని ఒకాయన ఉండేవారు. ఆయన ముందు లాయరు. తర్వాత కోర్టు వదిలేసి పిల్లల బడి పట్టుకున్నారు. 1920లో అక్కడ బాల మందిరం పెట్టారు. బెత్తం లేని బడి అది. పిల్లలు ఆడుతూ, పాడుతూ, వస్తువులు చేత్తో పట్టుకుని నేర్చుకునేవాళ్లు. తారాబాయి గారు ప్రిన్సిపాల్ ఉద్యోగం మానేసి 1923లో ఆయనతో కలిసి పనిచేయడానికి వెళ్లారు. జీతం, హోదా ఉన్న ఉద్యోగం వదులుకుని పసిపిల్లల దగ్గరికి వెళ్లడం చిన్న నిర్ణయం కాదు. 1926లో ఇద్దరూ కలిసి నూతన్ బాల్ శిక్షణ్ సంఘ్ అనే సంస్థ పెట్టారు. పసిపిల్లలకు చెప్పే టీచర్లను తయారు చేయడం, తల్లిదండ్రులకు తెలిసేలా పత్రిక నడపడం ఆ సంస్థ పని.

వాళ్లు నేర్చుకున్న పద్ధతి ఇటలీ దేశపు డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి గారిది. ఈ రోజు మాంటిస్సోరి అనే పేరు మన టౌన్లలో ఫీజులు ఎక్కువగా ఉండే స్కూళ్ల బోర్డుల మీద కనిపిస్తుంది. కానీ ఆ పద్ధతి పుట్టింది డబ్బున్నవాళ్ల ఇళ్లల్లో కాదు. 1907లో రోమ్ నగరంలో కూలినాలి చేసుకునేవాళ్లు ఉండే పేటలో పుట్టింది. తల్లిదండ్రులు పనికి వెళ్తే పిల్లలు చూసే దిక్కు లేక మెట్ల మీద, గోడల దగ్గర తిరిగేవాళ్లు. వాళ్లను ఒక గదిలో చేర్చి చూసుకోవడం దగ్గర ఆ డాక్టరమ్మ పని మొదలైంది. అంటే పనికిపోయే తల్లి కోసం పుట్టిన బడి అది. మన దేశానికి వచ్చేసరికి సామాన్ల ఖరీదు వల్ల, ట్రైనింగ్ ఖర్చు వల్ల పట్నంలో ఉన్నవాళ్లకే చేరింది.

తారాబాయి గారు తర్వాత బొంబాయి తిరిగి వచ్చి, 1936లో దాదర్‌లో శిశు విహార్ నడిపించారు. మంచి పేరు వచ్చింది. అక్కడే ఉండిపోయి ఉంటే పెద్ద స్కూలు పెట్టిన మేడమ్‌గా మిగిలిపోయేవారు. కానీ చదువుకున్నవాళ్ల పిల్లలకే ఈ మంచి అంతా ఎందుకు, పల్లెల్లో మట్టిలో ఆడుకునే పిల్లల సంగతి ఏమిటి అనే ఆలోచన ఆమెను వదల్లేదు. గాంధీ గారు 1937లో చెప్పిన కొత్త చదువు ఏడేళ్లు దాటిన పిల్లల కోసం. మరి ఏడేళ్ల లోపు పిల్లలకు? ఆ ఖాళీలోకి ఆమె అడుగుపెట్టారు.

బోర్డీ – పిల్లలు రాకపోతే బడే వెళ్లింది

1945లో తారాబాయి గారు బోర్డీ అనే పల్లెకు వెళ్లారు. బొంబాయికి ఉత్తరంగా సముద్రం ఒడ్డున, సపోటా తోటలు ఉండే ఊరు. అప్పుడు ఠాణే జిల్లా, ఇప్పుడు పాల్ఘర్ జిల్లా. అప్పటికి ఆమెకు 53 ఏళ్లు. మనలో ఆ వయసుకే ఇక మా పని అయిపోయిందమ్మా, కోడలు చూసుకుంటుంది అనేవాళ్లు ఉన్నారు. ఆమె అసలు పని అప్పుడే మొదలైంది.

ఆమెకు తోడుగా అనుతాయి వాఘ్ అనే టీచరమ్మ వచ్చారు. చిన్నప్పుడే పెళ్లయి, చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుని, పట్టుదలతో చదువుకున్న మనిషి. వయసులో తారాబాయి గారి కన్నా 18 ఏళ్లు చిన్న. ఒకరు భర్తను విడిచి వచ్చినవారు, ఒకరు భర్త పోయినవారు. లోకం దృష్టిలో ఇద్దరిదీ దిక్కులేని బతుకు. ఆ ఇద్దరూ కలిసి దేశానికి దారి చూపించారు.

బోర్డీలో గ్రామ బాల శిక్షా కేంద్రం పేరుతో బాల్‌వాడీ తెరిచారు. అంటే పిల్లల తోట. గది ఉంది, టీచర్లు ఉన్నారు, ఆటవస్తువులు ఉన్నాయి. కానీ ఎవరి కోసం పెట్టారో ఆ పిల్లలే రాలేదు. హరిజనవాడ పిల్లలు, పేదల పిల్లలు దూరంగా ఉండిపోయారు.

ఇలాంటి చోట చాలామంది ఏమంటారు? వాళ్లకు చదువు విలువ తెలీదు, చెప్పినా వినరు అంటారు. తారాబాయి గారు అలా అనుకోలేదు. రాకపోవడానికి కారణం ఏమిటని చూశారు. కులం భయం ఒకటి. వేసుకోవడానికి సరైన బట్ట లేకపోవడం ఒకటి. తల్లి తెల్లారకముందే పనికి పోతే పిల్లవాణ్ణి తయారు చేసి పంపేవాళ్లు లేకపోవడం ఇంకొకటి. అందుకని పిల్లల్ని కేంద్రానికి రమ్మనడం మానేసి, కేంద్రాన్నే వాళ్ల వాడకు తీసుకువెళ్లారు. ఇళ్ల మధ్య ఉన్న వాకిట్లో బడి పెట్టారు. ముందు చోటు ఊడ్చి శుభ్రం చేసుకోవడం, పిల్లలకు స్నానం, గోళ్లు తీయడం, తల దువ్వడం. తర్వాత పాటలు, కథలు, ఆటలు, లెక్కలు.

అంగన్ అంటే వాకిలి. వాకిట్లో నడిచే పిల్లల తోట కాబట్టి అది అంగన్‌వాడీ అయింది. ఆ మాట మనం రోజూ వాడుతున్నాం. అందులో ఉన్న అర్థం మాత్రం మర్చిపోయాం. బిడ్డ ఉన్న చోటికే వసతి రావాలి, తల్లి గుమ్మం దగ్గరే దొరకాలి అన్నది ఆ అర్థం.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఖరీదైన విదేశీ సామాన్ల బదులు ఆమె చుట్టుపక్కల దొరికేవే వాడారు. గవ్వలు, గింజలు, రాళ్లు, ఆకులు, బంకమట్టి. చింతగింజలతో లెక్క నేర్చుకున్న మనకు ఇది కొత్త కాదు. డబ్బు వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే ఆ పని ఎప్పటికీ మొదలయ్యేది కాదు.

కోస్‌బాడ్ కొండ మీద – అక్క చంకలో చెల్లి

1957 నాటికి ఆ కేంద్రం బోర్డీ దగ్గరలోనే ఉన్న కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడ వార్లీ గిరిజనులు ఉంటారు. గోడల మీద తెల్లటి గీతలతో మనుషుల బొమ్మలు వేస్తారే, వాళ్లే. ఆ ప్రాంతంలో భూస్వాముల దగ్గర వెట్టి ఉండేది. వార్లీలు 1945లో ఎర్రజెండా పట్టుకుని దాని మీద పోరాటం చేశారు. ఆడా మగా అందరూ గడ్డి కోత, పొలం పని, అడవి పని చేస్తేనే పూట గడిచేది.

ఇక్కడ తారాబాయి గారు ఇంకో సంగతి గమనించారు. బడి వయసు పిల్లలు ఎందుకు రావడం లేదంటే వాళ్లకూ పని ఉంది. మగపిల్లలు పశువులు కాస్తారు. ఆడపిల్లలు తమ్ముణ్ణో చెల్లినో చంకన వేసుకుని తిరుగుతారు. తల్లి పనికి వెళ్లాలంటే ఎనిమిదేళ్ల పిల్ల తల్లి కావాలి. ఆ పిల్లను బడికి రమ్మంటే చంకలో బిడ్డను ఎక్కడ దించాలి?

దీనికి ఆమె చేసినది వికాస్‌వాడీ. ఒకే చోట మూడు. చంటిపిల్లల కోసం శిశుగృహం, మూడేళ్లు దాటినవాళ్ల కోసం బాల్‌వాడీ, పెద్దవాళ్ల కోసం ప్రాథమిక బడి. అక్క చెల్లిని తీసుకునే వస్తుంది. చెల్లి శిశుగృహంలో పడుకుంటుంది, తమ్ముడు పక్క గదిలో ఆడుకుంటాడు, అక్క తన తరగతిలో కూర్చుంటుంది. మధ్యలో వెళ్లి చూసి రావచ్చు. తల్లికి పొలంలో మనసు కుదుటగా ఉంటుంది. పశువులు కాసే పిల్లల కోసం టీచర్లు మేత బీళ్లకే వెళ్లారు. పశువులు మేస్తుంటే పిల్లలు నేర్చుకునేవాళ్లు. దాన్ని పచ్చిక బడి అన్నారు. పగలంతా పని చేసేవాళ్లకు రాత్రి బడి పెట్టారు. మనుషుల్ని బడి టైముకు మార్చే బదులు, బడినే వాళ్ల పని టైముకు మార్చారు.

1962లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది. 1973 ఆగస్టు 31న ఆమె కన్నుమూశారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐ.సి.డి.ఎస్. పథకం 33 బ్లాకుల్లో మొదలుపెట్టింది. ఆ కేంద్రాల పేరు అంగన్వాడీ. ఈ రోజు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్వాడీలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేల పైన, తెలంగాణలో 35 వేల పైన ఉన్నాయి. ఆమె అది చూడలేదు. కోస్‌బాడ్ పనిని అనుతాయి గారు 1992లో తాను చనిపోయేవరకు నడిపించారు.

ఇది ఆడవాళ్ల ఇబ్బందేనా? ఊరి ఆదాయం లెక్క

పిల్లల్ని చూసుకోవడం ఇంటి విషయం, దానికీ ఊరు బాగుపడటానికీ సంబంధం ఏమిటని కొందరు అడుగుతారు. మనం సంఘాల్లో లెక్కలు రాసేవాళ్లం కాబట్టి లెక్కతోనే చూద్దాం. ఇది ఊహ లెక్క. మీ ఊరి అంకెలు పెట్టి మీరే మళ్లీ వేసుకోండి.

ఒక ఊళ్లో 20 సంఘాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో సంఘంలో ఇద్దరికి మూడేళ్ల లోపు బిడ్డ ఉంది. మొత్తం 40 మంది తల్లులు. పనులు ఉండే 8 నెలల్లో, చూసేవాళ్లు లేక ఒక్కొక్కరు నెలకు 10 రోజులు పని మానుకున్నారు. రోజు కూలి 300 రూపాయలు వేసుకుంటే ఒక్క తల్లికి సంవత్సరానికి 24,000 రూపాయల నష్టం. 40 మందికి 9,60,000. అలాంటి ఊళ్లు మండలంలో 20 ఉంటే 1 కోటి 92 లక్షలు. ఈ డబ్బు ఎవరూ దొంగిలించలేదు, ఏ బ్యాంకూ పట్టుకుపోలేదు. అసలు పుట్టనే లేదు. పుట్టి ఉంటే మన ఊరి కిరాణా కొట్టుకు, పాల కేంద్రానికి, బట్టల షాపుకు, మన పొదుపు ఖాతాకు వచ్చేది. ఒకరి కూలి ఇంకొకరి వ్యాపారం అవుతుంది.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. 40 మంది పిల్లలకు రెండు శిశుగృహాలు, ఒక్కో దానికి ఇద్దరు ఆయాలు, నెలకు 8,000 చొప్పున జీతం అనుకుందాం. సంవత్సరానికి 3,84,000. పాలు, తిండి, చోటు కలుపుకున్నా తల్లులు పోగొట్టుకునే డబ్బు కన్నా తక్కువలోనే అవుతుంది. పైగా ఆ జీతం కూడా మన ఊరి ఆడవాళ్లు నలుగురికే వస్తుంది.

లెక్కలో పడనివి ఇంకా ఉన్నాయి. బిడ్డను చూడటానికి బడి మానిన పెద్దమ్మాయి రేపు ఏ పని చేయగలదు? ఆమె చదువు ఆగితే పెళ్లి ముందుకు వస్తుంది. ఇరవై ఏళ్లు రాకముందే ఆమె కూడా చంకన బిడ్డతో మన సంఘంలో చేరుతుంది. టైలరింగ్ యూనిట్ అయినా, పచ్చళ్ల యూనిట్ అయినా చంటిబిడ్డ తల్లి ట్రైనింగ్ మధ్యలో ఆపేస్తే ఆ ట్రైనింగ్ ఖర్చు కూడా వృథా. ఒక ప్రాంతం ఎదగాలంటే రోడ్డు, కరెంటు, నీళ్లు కావాలని అందరూ ఒప్పుకుంటారు. పిల్లల్ని చూసే చోటు కూడా అలాంటిదే. రోడ్డు లేకపోతే పంట మార్కెట్టుకు వెళ్లదు. బిడ్డకు చోటు లేకపోతే తల్లి చేనుకే వెళ్లదు.

నాయనమ్మ, అమ్మమ్మ చూస్తారు కదా అంటారు. చూస్తారు, ఉన్న ఇంట్లో. కానీ మనలో ఎంతమంది అత్తమ్మలు ఇంకా కూలికి వెళ్తున్నారు? ఒకరు ఇంట్లో కూర్చుంటేనే ఒకరు వెళ్లగలిగితే, ఇంటికి వచ్చే కూలి సగమే.

మనం ఏం చేయాలి

అంగన్వాడీ ఉంది కదా, ఇంకేం కావాలి అనుకోవద్దు. ఉన్నది మంచిదే. కానీ అక్కడ రోజంతా కూర్చునేది మూడేళ్లు దాటిన పిల్లలే. ఏడాది, రెండేళ్ల బిడ్డకు సరుకులు ఇంటికి వస్తాయి, ఉండే చోటు దొరకదు. ఇంకోటి, నాట్లప్పుడు, మిరపకాయ కోతలప్పుడు మనం తెల్లారేసరికి ఆటో ఎక్కుతాం. అంగన్వాడీ తలుపు తీసేది తొమ్మిదికి. మధ్యలో ఆ రెండు మూడు గంటలే చాలామందికి పని పోగొడుతున్నాయి. ఇందులో అంగన్వాడీ టీచరమ్మల, ఆయాల తప్పు లేదు. వాళ్ల మీద ఉన్న పని మనం చూస్తూనే ఉన్నాం. వాళ్లూ మన అక్కచెల్లెళ్లే. వాళ్ల మీద ఇంకో బరువు వేయమని అడగడం లేదు, ఇంకో మనిషిని, ఇంకో గదిని అడగాలి.

అడగడానికి దారులు ఉన్నాయి. అంగన్వాడీతో పాటే శిశుగృహం నడిపే పాల్నా పథకం కేంద్ర ప్రభుత్వం తెచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు అది వర్తిస్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కూడా, పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు గానీ ఎక్కువ గానీ వస్తే, వాళ్లను చూడటానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. అది చాలామందికి తెలియనే తెలియదు. తెలియని హక్కును ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు.

అందుకని ప్రతి గ్రామ సంఘాన్ని మేము కోరేవి ఇవి.

1. మీ ఊళ్లో మూడేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, వాళ్ల తల్లులు ఏ నెలలో ఎన్ని రోజులు పని మానుతున్నారు అని పేర్లతో సహా రాయండి. తమ్ముణ్ణో చెల్లినో చూడటానికి బడి మానిన ఆడపిల్లల సంఖ్య కూడా రాయండి.

2. ఆ లెక్కతో తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో సంతకాలతో ఎక్కించి, ఒక కాపీ పంచాయతీకి, ఒక కాపీ ఐ.సి.డి.ఎస్. సూపర్‌వైజరు గారికి, ఒక కాపీ సమాఖ్యకు ఇవ్వండి. నోటిమాట గాలికి పోతుంది, తీర్మానం ఫైల్లో ఉంటుంది.

3. శిశుగృహం వచ్చేవరకు ఆగకుండా, నాట్లు, కోతల సీజనులో వాడకు ఒక వాకిలి చూసుకోండి. పనికి వెళ్లలేని పెద్దమ్మలు ఇద్దరిని ఒప్పించి, తల్లులందరూ రోజుకు ఇంత అని వేసుకుని వాళ్లకు ఇవ్వండి. ఉచితంగా చేయించుకోవద్దు. పిల్లల్ని చూడటం పనే, పనికి కూలి ఉండాలి.

4. శిక్షణలు, సమావేశాలు పెట్టినప్పుడు పిల్లలకు ఒక పక్కన చాప, మంచినీళ్లు, చూసే మనిషి ఉండేలా ఏర్పాటు చేయండి. చంటిబిడ్డ తల్లి రాలేదని ఫైన్ వేసే ముందు ఆమె రావడానికి ఏం అడ్డమో అడగండి.

తారాబాయి గారికి మొదట్లో పెద్ద బిల్డింగు లేదు. వాకిలి ఉంది, గవ్వలు గింజలు ఉన్నాయి, తోడుగా ఒక మనిషి ఉంది. మనకు ఊరూరా సంఘం ఉంది, రిజిష్టర్లు ఉన్నాయి, లెక్క రాయడం వచ్చు. మొదటి అంశంలో అడిగిన లెక్క మార్చి నెలాఖరులోగా అన్ని గ్రామ సంఘాల నుంచి సమాఖ్య ఆఫీసుకు చేరాలి. వచ్చే సంవత్సరం నివేదికలో పొదుపు, రికవరీ పట్టికల పక్కనే ఈ పట్టిక కూడా ఊరి వారీగా అచ్చు వేస్తాం.